వృద్ధాశ్రమానికి బయటి చూపు కావాలి

అమ్మనో నాన్ననో వృద్ధాశ్రమంలో చేర్చాలనుకున్నప్పుడు మనం చాలా ప్రశ్నలే వేస్తాం. గదికి ఇద్దరా, ముగ్గురా? బాత్‌రూము గదిలోనే ఉందా? డాక్టరు వారానికి ఎన్నిసార్లు వస్తాడు? డిపాజిట్టు ఎంత, నెలకు ఎంత? ఇన్ని అడిగేవాళ్లం ఒక్కటి మాత్రం అడగం. రేపు మా అమ్మకు ఇక్కడ ఏదైనా ఇబ్బంది వస్తే, అదీ మీ వల్లే వస్తే, ఆవిడ ఎవరితో చెప్పుకోవాలి?

అడిగినా మేనేజరు దగ్గర జవాబు సిద్ధంగానే ఉంటుంది. "నేనున్నాను కదండీ, నాతో చెప్పమనండి" అంటాడు. వరండాలో తగిలించిన ఫిర్యాదుల పెట్టె కూడా చూపిస్తాడు. మంచి మనసుతోనే చూపిస్తాడేమో. కానీ ఆ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఆయన దగ్గరే.

ఒక పెద్దావిడ సంగతి ఊహించుకుందాం. ఎనభై ఏళ్లు దాటాయి, మోకాళ్లు సహకరించవు. రాత్రిపూట లేవాలంటే ఆయా వచ్చి చెయ్యి పట్టుకోవాలి. పిలిస్తే ఆయా విసుక్కుంటుంది, ఒక్కోసారి రానే రాదు. "డైపరు వేశాను కదమ్మా, పడుకో" అంటుంది. పెద్దావిడ ఈ మాట మేనేజరు చెవిన వేసిందనుకోండి. ఆయన ఆయాను పిలిచి నాలుగు చివాట్లు పెడతాడు. ఆ రాత్రి డ్యూటీ మళ్లీ ఆ ఆయాదే. ఇక పెద్దావిడ నోరు విప్పుతుందా? డాలస్ నుంచో బెంగళూరు నుంచో కొడుకు ఫోను చేస్తే, పక్కన ఆయా నిలబడి ఉండగా, "బాగానే ఉన్నాను నాన్నా, నువ్వెలా ఉన్నావు?" అంటుంది.

ఆయా రాక్షసి కాదు. ముప్పై మందికి ఒక్కతే అయితే ఎవరైనా విసుక్కుంటారు. మేనేజరూ దుర్మార్గుడు కానక్కరలేదు. అయినా ఇబ్బంది అలాగే ఉండిపోతుంది. ఎందుకంటే అన్నం పెట్టేదీ, మందులిచ్చేదీ, రాత్రి చెయ్యి పట్టుకునేదీ, ఇక్కడ ఉండాలో వెళ్లిపోవాలో తేల్చేదీ, ఫిర్యాదు వినేదీ అన్నీ ఒకే చోట ఉన్నాయి. కిరాణా కొట్టు షావుకారు ఎంత నిజాయితీపరుడైనా ఆయన రాళ్లకు ఆయనే ముద్ర వేసుకోనివ్వం కదా. తూనికలు, కొలతల శాఖవాళ్లు వచ్చి వేస్తారు. పావుకిలో పంచదారకు తీసుకునే ఆ జాగ్రత్త పెద్దవాళ్ల బతుకు విషయంలో ఎందుకు తీసుకోం? ఈరోజు నేను మాట్లాడదలచుకున్నది దీని గురించే.

ఈ సంగతి ముందుగా తెలుసుకుని ఏర్పాటు చేసుకున్న దేశాల్లో అమెరికా ఒకటి. అక్కడ 1960ల చివరికి నర్సింగ్ హోముల మీద సర్కారు సొమ్ము వరదలా పారింది. హోములు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటితోపాటే అగ్నిప్రమాదాలు, కలుషిత ఆహారం, మంచాలకు కట్టేయడం లాంటి వార్తలూ పేపర్లకెక్కాయి. 1971లో అధ్యక్షుడు నిక్సన్ హోముల సంస్కరణకు కొన్ని చర్యలు ప్రకటించాడు. వాటిలోంచి పుట్టినదే ఆంబుడ్స్‌మన్ పద్ధతి. బ్యాంకుల పుణ్యమా అని, ఉపాధి హామీ పుణ్యమా అని ఆ పేరు మనకూ కొత్త కాదు. 1972లో కొద్ది రాష్ట్రాల్లో ప్రయోగంగా మొదలై, 1978లో ప్రతి రాష్ట్రంలోనూ తప్పనిసరి అయింది. 1981లో నర్సింగ్ హోములే కాకుండా, వైద్యం లేకుండా బసా భోజనమూ ఇచ్చే చిన్న హోములనూ దాని కిందికి తెచ్చారు.

ఈ ఆంబుడ్స్‌మన్ ఏం చేస్తాడు? ఫిర్యాదు వచ్చేదాకా కూర్చోడు, తనే హోముకు వెళ్తాడు. మంచాల మధ్య తిరుగుతాడు, కుర్చీ లాక్కుని కూర్చుని కబుర్లు చెబుతాడు. ఆ వచ్చేది చాలాసార్లు జీతగాడైన ఉద్యోగి కూడా కాదు. శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్త, ఏ రిటైరైన టీచరో నర్సో అయి ఉంటారు. లోపలికి రావద్దని చెప్పే హక్కు హోముకు లేదు. మనిషితో ఏకాంతంగా మాట్లాడనివ్వాలి. ఆయన పేరూ ఫోను నంబరూ అందరికీ కనబడేలా గోడ మీద ఉండాలి. ఆయనతో మాట్లాడారని ఎవరి మీదనైనా కక్ష సాధిస్తే అది చట్టవిరుద్ధం.

ఇందులో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. పెద్దావిడ చెప్పిన మాటను ఆవిడ ఒప్పుకోనిదే ఆంబుడ్స్‌మన్ ఎవరికీ చెప్పకూడదు. ఆవిడ పేరు బయటపెట్టకూడదు. "ఈ సంగతి నీతో చెప్పుకున్నాను, అంతే. ముందుకు తీసుకెళ్లొద్దు" అని ఆవిడ అంటే అక్కడితో ఆగాలి. దుర్భాష, దౌర్జన్యం లాంటి ఫిర్యాదుల్లో కూడా ముందు ఆవిడ అనుమతి కావాలనే అక్కడి కేంద్ర నిబంధన. ఇది విన్నవాళ్లలో కొందరికి కోపం వస్తుంది. దెబ్బలు తింటున్న మనిషిని ఊరికే చూస్తూ ఉండాలా అంటారు. ఉండక్కరలేదు. ధైర్యం చెప్పవచ్చు, దారులు చూపించవచ్చు, మళ్లీ మళ్లీ వెళ్లి పలకరించవచ్చు. కానీ ఆ గదిలో ఆ రాత్రి పడుకోవాల్సింది ఆవిడ. ఏం చెయ్యాలో తేల్చుకోవాల్సిందీ ఆవిడే. పెద్దవాళ్లు ముసలివాళ్లయ్యారే గానీ చిన్నపిల్లలు కాలేదు.

ఆంబుడ్స్‌మన్‌కు జరిమానా వేసే అధికారం లేదు. లైసెన్సు రద్దు చెయ్యలేడు. అది వేరే తనిఖీ అధికారుల పని. వాళ్లు చెప్పా పెట్టకుండా వస్తారు. ఏ హోముకైనా రెండు తనిఖీల మధ్య పదిహేను నెలలకు మించి వ్యవధి ఉండకూడదు. ఫలానా రోజున తనిఖీ అని ముందే చెవిలో ఊదిన మనిషికి 2,000 డాలర్ల దాకా జరిమానా అని 1987 నాటి చట్టంలో రాశారు. తనిఖీ రోజున మంచాల మీద కొత్త దుప్పట్లు వెలిసే దృశ్యం మనకు బాగా తెలుసు కాబట్టి, ఆ నియమం ఎందుకు పెట్టారో విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ 1987 చట్టం వెనుక పెద్దవాళ్ల మాటే ఉంది. దానికి రెండేళ్ల ముందు ఒక పౌర సంస్థ పదిహేను నగరాల్లో నాలుగు వందల మందికి పైగా హోము నివాసులను కూర్చోబెట్టి, మంచి హోమంటే ఏమిటని అడిగింది. భవనం, పరికరాలు అంటారనుకుంటాం. వాళ్లు అన్నింటికన్నా ముందు చెప్పింది సిబ్బంది గురించి. మర్యాదగా మాట్లాడేవాళ్లు, పిలిస్తే పలికేవాళ్లు కావాలన్నారు. ఎప్పుడు నిద్రలేవాలో, ఏం తినాలో తమకే వదిలెయ్యాలన్నారు.

ఆ చట్టం హోముల్లో నివాసుల సంఘాలకు కూడా చోటిచ్చింది. పెద్దవాళ్లు తమలో తాము సమావేశం పెట్టుకోవచ్చు. దానికి హోము గది ఇవ్వాలి. సంఘం పిలిస్తేనే సిబ్బంది రావాలి. సంఘం అడిగినదానికి యాజమాన్యం బదులు చెప్పి తీరాలి, కుదరదంటే ఎందుకు కుదరదో చెప్పాలి. హోములోంచి ఎవరినైనా పంపించాలంటే సాధారణంగా ముప్పై రోజుల ముందు కాగితం ఇవ్వాలి, ఆ కాగితం మీద ఆంబుడ్స్‌మన్ ఫోను నంబరు ఉండాలి.

అక్కడ అంతా సజావుగా ఉందని నేను అనడం లేదు. కార్యకర్తలు చాలరు, కొన్ని హోముల్లో వాళ్ల మొహం కనబడటమే అరుదు. 2020 మార్చిలో కోవిడ్ పేరిట హోముల తలుపులు మూసినప్పుడు ఆంబుడ్స్‌మన్‌లు కూడా నెలల తరబడి బయటే ఉండిపోయారు. బయటి చూపు అవసరం అన్నింటికన్నా ఎక్కువగా ఉన్న రోజుల్లోనే అది లేకుండా పోయింది. ఇంకో లోపం కూడా ఉంది. వైద్యం, సేవలు లేకుండా పెద్దవాళ్లకని కట్టిన మామూలు అపార్ట్‌మెంట్లు సాధారణంగా ఈ ఆంబుడ్స్‌మన్ పరిధిలోకి రావు. అక్కడి అద్దెదారు తన బాధ ఎవరికి చెప్పుకోవాలన్నది ఆ దేశంలోనూ తెగని ప్రశ్నే.

ఇప్పుడు మన సంగతి చూద్దాం.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అరవై ఏళ్లు దాటినవారు పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. మన రెండు రాష్ట్రాల్లో ఆర్డీఓ స్థాయి అధికారి దాన్ని నడుపుతారు, అప్పీలు కలెక్టరు దగ్గర. నెలకు పదివేల దాకా మనోవర్తి ఇప్పించవచ్చు. రాసిచ్చిన ఆస్తిని, చూసుకుంటామన్న షరతు తప్పితే, వెనక్కి తెప్పించవచ్చు. మంచి చట్టమే. కానీ దాని చూపంతా కొడుకుల మీద, కూతుళ్ల మీద ఉంది. ఆశ్రమాల గురించి చెప్పింది తక్కువ. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, నూటయాభై మంది నిరుపేద వృద్ధులు ఉండేలా ప్రభుత్వం కట్టవచ్చని ఉంది. కట్టి తీరాలని లేదు. ప్రమాణాలు పెట్టే పని రాష్ట్రాలకు వదిలేసింది. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు, మాజీ న్యాయశాఖ మంత్రి అశ్వనీ కుమార్ వేసిన వ్యాజ్యంలో, జిల్లాల వారీగా ఆశ్రమాలెన్ని ఉన్నాయో లెక్క తీయమని చెప్పాల్సి వచ్చింది. అంటే చట్టం వచ్చిన పదకొండేళ్లకు కూడా ఎన్ని ఉన్నాయన్న దగ్గరే ఉన్నాం. లోపల ఎలా ఉన్నాయన్నది ఆ తరవాతి మాట.

2019 డిసెంబరులో ఈ చట్టానికి సవరణ బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చింది. వృద్ధుల సంరక్షణ గృహాలన్నీ నమోదు కావాలని, కనీస ప్రమాణాలు పాటించాలని అందులో ఉంది. అది స్థాయీ సంఘానికి వెళ్లింది. ఆ లోక్‌సభ గడువు తీరిపోయింది, బిల్లు మురిగిపోయింది. బిల్లు వచ్చిన 2019లోనే కేంద్ర గృహనిర్మాణ శాఖ రిటైర్మెంట్ హోములకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. చక్రాల కుర్చీ పట్టే తలుపులు, పట్టుకోవడానికి కడ్డీలు, బిల్డరుకూ సేవలు అందించే సంస్థకూ కొనుక్కున్నవారికీ మధ్య ఒప్పందం, ఇలాంటివి అందులో ఉన్నాయి. మార్గదర్శకాలంటే సలహాలే కదా, పాటించేవాడు పాటిస్తాడు. కేరళ మాత్రం 2025లో వయోవృద్ధుల కోసం ప్రత్యేకంగా కమిషన్ పెడుతూ చట్టం చేసింది.

పిల్లల హోముల విషయంలో మన చట్టం ఇలా వదిలెయ్యలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం బాలలను ఉంచే ప్రతి గృహాన్నీ తనిఖీ సంఘం మూడు నెలలకు ఒకసారైనా చూడాలి. ముగ్గురికి తగ్గకుండా వెళ్లాలి, వాళ్లలో ఒక మహిళ, ఒక వైద్యాధికారి ఉండాలి, వారంలోగా నివేదిక ఇవ్వాలి. ఆచరణ సంగతి ఎలా ఉన్నా, చట్టంలో ఆ మాట ఉంది కాబట్టి నిలదీసి అడగవచ్చు. పెద్దవాళ్ల ఆశ్రమాలకు ఆ ఒక్క మాటా లేదు. సర్కారు గ్రాంటు తీసుకునే ఆశ్రమాలకు కాగితాల మీదైనా ఏదో తనిఖీ ఉంటుంది. గేటెడ్ కాలనీ శివార్లలో అద్దె ఇల్లు తీసుకుని బోర్డు పెట్టినవారిని అడిగేదెవరు?

అలాగని ఇప్పుడు దారులే లేవనుకోవద్దు. ఎల్డర్‌లైన్ 14567 అనే ఉచిత ఫోను నంబరు ఉంది. అది దేశమంతటికీ 2021 అక్టోబరు 1న వచ్చింది కానీ, దాని పుట్టుక మన హైదరాబాదులోనే. టాటా ట్రస్టులు, విజయవాహిని చారిటబుల్ ఫౌండేషన్ కలిసి 2017లో అక్కడ మొదలుపెట్టాయి. డబ్బు తీసుకుని నడిపే హోము ఒప్పుకున్న సేవ చెయ్యకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అయిదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు, లాయరు లేకుండానే చెప్పుకోవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, దాని నంబరు 15100. అయితే ఇవన్నీ బాధ పడ్డవారు గడప దాటి వస్తేనో, ఫోను చేస్తేనో పలికేవి. మంచం దిగలేని మనిషికి, ఫోను కూడా ఆయా చేతిలోనే ఉన్న మనిషికి, ఎవరో ఒకరు తామై లోపలికి రావాలి.

అలా తామై వచ్చే పద్ధతి తెలుగువాళ్లకు తెలియనిది కాదు. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీని దేశంలో ఒక వ్యవస్థగా నిలబెట్టిన ఘనత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే. 2006లో మొదలైంది, 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ పెట్టారు. కూలీల కుటుంబాల్లో చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, మస్టరు రోళ్లు చేతికిచ్చి ఇంటింటికీ పంపారు. "నీ పేర ఇన్ని రోజుల పని రాశారు, చేశావా? ఇంత డబ్బు ముట్టిందా?" అని అడిగారు. చచ్చిపోయినవారి పేర కూలి తీసుకున్న సంగతులు అలాగే బయటపడ్డాయి. తరవాత గ్రామసభ, ఆపైన మండలంలో ప్రజావేదిక. పట్టుబడిన సొమ్మంతా తిరిగి రాలేదన్నది నిజమే. కానీ కాగితం మీద రాసినదాన్ని మనిషి దగ్గరికి వెళ్లి సరిచూసుకోవాలన్న అలవాటు ఒకటి పడింది.

అదే చూపును వృద్ధాశ్రమాల వైపు తిప్పలేమా? జిల్లాకు ఒక సందర్శక బృందం చాలు. ఒక రిటైరైన నర్సు, ఒక టీచరు, న్యాయసేవాధికార సంస్థ నుంచి ఒక కార్యకర్త, కాలేజీలో సోషల్ వర్క్ చదువుతున్న ఒక విద్యార్థి. ఆశ్రమం నుంచి రూపాయి తీసుకోకూడదు, భోజనం కూడా చెయ్యకూడదు. వాళ్ల చుట్టాలెవరూ అందులో ఉండకూడదు. బోర్డు ఉన్న ప్రతి ఆశ్రమానికీ, అది ధర్మసత్రమైనా లక్షల డిపాజిట్టు తీసుకునేదైనా, మూడు నెలలకు ఒకసారి చెప్పకుండా వెళ్లాలి. ఒకసారి మధ్యాహ్న భోజనం వేళ, ఒకసారి రాత్రి తొమ్మిదికి. రాత్రి తొమ్మిదికి ఎంతమంది ఆయాలున్నారో అప్పుడే తెలుస్తుంది.

ఉపాధి హామీ పద్ధతిని ఉన్నదున్నట్టు దించితే మాత్రం బెడిసికొడుతుంది. కూలీ ప్రజావేదిక మీద మైకు ముందు మాట్లాడి తన ఇంటికి తను పోతాడు. పెద్దావిడ మాత్రం ఎవరి మీద చెప్పిందో వాళ్ల చేతి అన్నమే తినాలి. అందుకే ఇక్కడ బహిరంగ విచారణ కుదరదు. మాటలు గదిలో, తలుపు వేసుకుని జరగాలి. పేర్లు బృందం దగ్గరే ఉండిపోవాలి. "రాత్రిపూట మనుషులు చాలడం లేదు" అని మొత్తం ఆశ్రమం గురించి చెప్పాలి తప్ప "ఫలానా గదిలో ఆవిడ చెప్పింది" అనకూడదు. ఆవిడ పేరుతో ముందుకు పోవాలంటే ఆవిడ సరే అనాలి. మతిమరుపు జబ్బుతో సరే అనలేని స్థితిలో ఉంటే అప్పుడు ట్రిబ్యునల్ ఉంది. 2007 చట్టం ప్రకారం మనోవర్తి కోసం పెద్దవారి తరఫున వేరొకరు దరఖాస్తు పెట్టవచ్చు, ట్రిబ్యునలే తనంతట తాను కూడా తీసుకోవచ్చు. ఆ వెసులుబాటును ఆశ్రమాల దాకా పెంచితే సరిపోతుంది.

బయటివాళ్లు వచ్చి వెళ్లేవాళ్లే. మిగతా రోజుల్లో లోపలి బలం కూడా కావాలి. ప్రతి ఆశ్రమంలోనూ నివాసుల సంఘం ఉండాలి, దానికి మేనేజరు పేర్లు రాసివ్వకూడదు. నెలకోసారి కూర్చుని సాంబారు పలచన గురించి, వేన్నీళ్ల వేళ గురించి, టీవీ గోల గురించి మాట్లాడుకుని పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాలి. ఇవి చిన్న విషయాలనిపిస్తాయి. నాలుగు గోడల మధ్య బతికే మనిషికి వేన్నీళ్లు ఆరింటికా ఎనిమిదింటికా అన్నది చిన్న విషయం కాదు. ఒక్కరు అడిగితే చాదస్తం అంటారు, ఇరవై మంది సంతకం పెట్టి అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది. మంచం మీద ఉన్నవాళ్ల మాటను సంఘంలో ఒకరు వెళ్లి అడిగి తేవాలి. లేకపోతే నడవగలిగినవాళ్లదే సంఘం అయిపోతుంది.

చివరగా పిల్లలకు, ముఖ్యంగా దూరాన ఉన్నవారికి, రెండు మాటలు. చేర్చేముందు ఒప్పంద పత్రం పూర్తిగా చదవండి. డిపాజిట్టు ఎప్పుడు, ఎంత తిరిగి ఇస్తారు? ఏటా నెలవారీ చార్జీ ఎంత పెంచుతారు? మంచాన పడితే ఉంచుకుంటారా, పంపించేస్తారా? పంపించాలంటే ఎన్ని రోజుల ముందు చెబుతారు? ఇవి రాసి లేకపోతే రాయించండి. దగ్గర్లో ఉన్న చుట్టాన్నో స్నేహితుణ్నో వేళా పాళా లేకుండా వెళ్లి చూసి రమ్మనండి. ఫోనులో మాట్లాడేటప్పుడు గదిలో ఎవరున్నారో ముందు కనుక్కోండి.

అమ్మ ఒక కష్టం చెప్పుకుంటే ఆ క్షణాన మేనేజరుకు ఫోను చేసి కేకలు వెయ్యకండి. మీ కోపం మీతోపాటు విమానం ఎక్కి పోతుంది, దాని ఫలితం ఆవిడ దగ్గర ఉండిపోతుంది. "అమ్మా, నేను మాట్లాడనా? ఏమని మాట్లాడమంటావు?" అని అడగండి. వద్దంటే ఎందుకు వద్దంటోందో ఓపికగా వినండి. ఆ కారణంలోనే అసలు సంగతి ఉంటుంది.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. సందర్శక బృందం వెయ్యడానికి కలెక్టరుకు కొత్త చట్టం అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు. ప్రైవేటు ఆశ్రమాలను ఒప్పించడం మొదట్లో కష్టమే. కానీ మా గేటు తీసే ఉంది, చూసుకోండి అని ముందుకొచ్చిన ఆశ్రమాల పేర్లు జిల్లా వెబ్‌సైటులో పెడితే, రానివాటి పేర్లు వాటంతట అవే తెలిసిపోతాయి. తెలంగాణలో ప్రతి సోమవారం కలెక్టరేట్లలో ప్రజావాణి జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ సోమవారాలు ప్రజాసమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. పింఛనుదారుల సంఘాలు, సీనియర్ సిటిజన్ల సంఘాలు చాలా ఊళ్లలో ఉన్నాయి. వచ్చే సోమవారం వాళ్లలో నలుగురు ఒక అర్జీ పట్టుకుని వెళ్లాలని నా కోరిక. మా జిల్లాలో వృద్ధాశ్రమాలు ఎన్ని ఉన్నాయి, వాటిని ఆఖరిసారి ఎవరు, ఎప్పుడు చూశారు, సందర్శక బృందం ఎప్పుడు వేస్తారు? ఈ మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు అడగాలి.